ఉత్పాతమా, జంతువా? – 'నోప్' చిత్రం చూసిన తరువాత కొన్ని ఆలోచనలు

అమెరికన్ దర్శకుడు జోర్డన్ పీల్ 2022లో తీసిన 'నోప్' చిత్రంలో ఒక చిన్న సంభాషణ ఉన్నది. ఆకాశంలో ఏదో తిరుగుతున్నదని గ్రహించిన అన్న చెల్లెలిని అడుగుతాడు: అద్భుతాలలో చెడ్డ అద్భుతం అనేది ఉంటుందా, దానికొక మాట ఉన్నదా అని. లేదంటుంది చెల్లెలు. ఆమె నోట వచ్చే ఆ 'నోప్' అనే మాటే చిత్రానికి పేరు కూడా. భయం కలిగినప్పుడు అమెరికన్ నల్లజాతి ప్రేక్షకులు తెర వైపు చూసి అనే మాట కూడా అదేనట. తెలుగు పాఠం చెప్పుకొని బతికేవారికెవరికైనా ఆ క్షణంలో తట్టేదే నాకూ తట్టింది. ఆ మాట మన దగ్గర ఉన్నదే! ఉత్పాతం.

మాట దొరికిందన్న సంబరం ఎక్కువసేపు నిలవలేదు. చిత్రాన్ని మళ్ళీ చూసినకొద్దీ ఆ మాట దానికి సరిపోతున్నదా లేదా అన్న సందేహం పెరిగింది. సరిపోయే చోట ఎందుకు సరిపోతున్నదో, తప్పిపోయే చోట ఎందుకు తప్పిపోతున్నదో చూడటమే ఈ వ్యాసంలో నేను చేయబోయే పని. శాస్త్రీయ సమీక్ష చేసే అధికారం నాకు లేదు. నేను సాహిత్య విద్యార్థిని. పైగా ఈ చిత్రం నా కుటుంబంలోని ఒక పాత ఛాయాచిత్రాన్ని కదిలించింది కాబట్టి పూర్తి తటస్థత కూడా నాకు సాధ్యం కాదు.

ముందు ఉత్పాతం సంగతి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉత్పాతాలను ప్రత్యేకంగా చర్చించాడు. ప్రకృతి తన తీరు తప్పి నడవడమే ఉత్పాతమని చెప్పి, దివ్యం, ఆంతరిక్షం, భౌమం అని మూడు రకాలుగా విభజించాడు. గ్రహనక్షత్రాల వైపరీత్యాలు దివ్యాలు. ఉల్కలు, పరివేషం, గంధర్వనగరం వంటివి ఆంతరిక్షాలు. కదిలేది నిలిచిపోవడం, నిలిచినది కదలడం వంటి నేలమీది వింతలు భౌమాలు. వాన వైపరీత్యాలలో నెత్తురు కురవడమూ ఉన్నది. భారతంలో యుద్ధారంభానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రునికి చెప్పే దుర్నిమిత్తాలు ఈ కోవలోవే.

ఇప్పుడు 'నోప్' కథ చూడండి. లాస్ ఏంజిలిస్‌కు ఉత్తరాన అగ్వా డల్సే అనే కొండ ప్రాంతంలో హేవుడ్ అనే నల్లజాతి కుటుంబం ఉంటుంది. సినిమాలకు, వాణిజ్య ప్రకటనలకు గుర్రాలను మచ్చిక చేసి ఇవ్వడం వారి వృత్తి. ఒకనాడు నిర్మలమైన ఆకాశం నుంచి తాళంచెవులు, నాణేలు వానలా కురుస్తాయి. గుర్రం మీద ఉన్న తండ్రి కంటిలోకి ఒక నాణెం దూసుకుపోతుంది. అతడు మరణిస్తాడు. ఆరు నెలల తరువాత కొడుకు ఓజే, కూతురు ఎమరాల్డ్ ఆ పొలాన్ని నిలుపుకొనే అవస్థలో ఉంటారు. లోయ మీద ఒక మబ్బు నెలల తరబడి కదలకుండా ఉండటం వారు గమనిస్తారు. తరువాత ఒక రాత్రి వారి ఇంటి మీద నెత్తురు కుండపోతగా కురుస్తుంది. కారణం లేని లోహవర్షం, కదలని మబ్బు, రక్తవృష్టి. వరాహమిహిరుని పట్టిక పక్కన పెట్టుకొని స్క్రీన్‌ప్లే రాశారా అన్నంతగా పోలికలు కుదురుతాయి. పీల్ దానిని చదివాడని నేను అనటం లేదు. ఆకాశం తీరు తప్పినప్పుడు మనిషికి కలిగే భయం అన్ని చోట్లా దాదాపు ఒకే రూపకాలను వెతుక్కుంటుంది. చిత్రం మొదట్లో తెర మీద కనిపించే వాక్యం బైబిలులోని నహూము గ్రంథం 3వ అధ్యాయం నుంచి తీసుకున్నది. నీనెవె పట్టణం మీద మాలిన్యాన్ని విసిరి, దానిని అందరూ చూసే వేడుకగా చేస్తానన్న దైవశాపం అది. అంటే పీల్ కూడా తన ఉత్పాతాన్ని ప్రాచీన గ్రంథంలోనే వెతుక్కున్నాడు.

ఈ చిత్రాన్ని విమర్శకులు సైన్స్ ఫిక్షన్, భయానకం, వెస్టర్న్ అనే మూడు ప్రక్రియల కలయికగా వర్ణిస్తారు. మొదటి రెండూ తేలికగానే తెలుస్తాయి. మూడవది మనకు కొంత వివరించుకోవలసినది.

వెస్టర్న్‌ను మనం కౌబాయ్ సినిమా అంటాం. తెలుగులో ఆ మాటకు ప్రాణం పోసినది 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు'. ఆ తరువాత 1990లో చిరంజీవి 'కొదమసింహం', 2002లో మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' ఆ దారిలోనే వచ్చాయి. నా తరం పిల్లలకు కౌబాయ్ అంటే టోపీ, తోలు జాకెట్టు, పిస్తోలు, నిధి పటం. ఆ మాటలో ఆవు ఉన్నదని, అసలు అర్థం పశువుల కాపరి అని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకు గుర్తున్నంతలో ఆ చిత్రాలలో ఆవులు కథలోకి రావు కూడా. వేషం వచ్చింది, వృత్తి రాలేదు. దీనిని తెలుగు సినిమా లోపంగా నేను చెప్పటం లేదు. హాలీవుడ్ వెస్టర్న్‌లు సైతం వృత్తిని తుపాకీ వెనుక దాచినవే. పశువులను మేపి, తోలి, లాయాలు ఊడ్చిన కాపరులలో దాదాపు నాలుగవ వంతు మంది నల్లజాతివారని కొందరు చరిత్రకారుల అంచనా. తెర మీద ఆ నాలుగవ వంతు దాదాపు కనిపించదు. హేవుడ్ల ఇంటి గోడ మీద 'బక్ అండ్ ది ప్రీచర్' అనే చిత్రపు పోస్టరు ఉంటుంది. 1972లో సిడ్నీ పోయిటియే దర్శకత్వం వహించి, నల్లజాతి వీరులతో తీసిన వెస్టర్న్ అది. పీల్ ఆ పోస్టరు మీద కెమెరాను ఎక్కువసేపు నిలపడు. గమనించినవారు గమనిస్తారు.

ఇక్కడే చిత్రానికి మూలకందమైన విషయం ఉన్నది. చలనచిత్ర చరిత్ర పాఠాలన్నీ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరుస ఛాయాచిత్రాలుగా తీయడంతో మొదలవుతాయి. ప్రకటన చిత్రీకరణకు వచ్చిన ఎమరాల్డ్ ఆ బృందానికి ఈ చరిత్ర చెబుతుంది. ఆ గుర్రం మీద కూర్చున్న నల్లజాతి రౌతు తమ ముత్తాతకు తండ్రి అని, మొదటి చలనచిత్ర నటుడు, మొదటి స్టంట్ కళాకారుడు అతడేనని గర్వంగా ప్రకటిస్తుంది. చరిత్రలో ఇక్కడొక చిక్కుముడి ఉన్నది. 1878 జూన్ 19న పాలో ఆల్టోలో లీలాండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రం శాలీ గార్డ్‌నర్‌ను తీసిన ప్రసిద్ధ ఛాయాచిత్రాల కార్డు మీద యజమాని పేరు, రౌతు పేరు రెండూ ముద్రితమై ఉన్నాయి. చిత్రంలో చూపేది ఆ కార్డును కాదు. 1887లో మైబ్రిడ్జ్ 781 ఫలకాలుగా ప్రచురించిన 'యానిమల్ లోకోమోషన్' లోని 626వ ఫలకాన్ని. అందులో గుర్రం పేరు ఆనీ జి. అని తెలుసు. దాని మీద ఉన్న నల్లజాతి రౌతు పేరు మాత్రం తెలియదు. పీల్ ఆ ఖాళీలో ఒక కల్పిత నామాన్ని, ఒక కల్పిత వంశాన్ని ప్రతిష్ఠించాడు. నవలాకారుడు చేసే పనే ఇది. అయితే ఎమరాల్డ్ ప్రసంగం విన్న ప్రేక్షకుడు 1878 నాటి కార్డును, 1887 నాటి ఫలకాన్ని కలగలిపేసుకొనే ప్రమాదం ఉన్నది. పరిశోధకులమైన మనం ఆ రెండింటినీ విడదీసి చూపవలసిందే. విడదీసినంత మాత్రాన ఆమె ప్రశ్న బలహీనపడదు. గుర్రానికి పేరుండి రౌతుకు లేకపోవడం అనే వాస్తవం అలాగే ఉంటుంది.

నేను మొదట ప్రస్తావించిన ఛాయాచిత్రం సంగతి ఇక్కడ చెప్పాలి. మా అమ్మ తండ్రి గుంటూరు ప్రాంతంలో ఒక పెద్ద రైతు ఇంట పాలేరు. ఆ రైతుకు ఒంగోలు గిత్తల జత ఉండేది. తిరునాళ్ళలో జరిగే బండలాగుడు పందేలకు వాటిని తయారు చేసేది మా తాత. ఉలవలు ఉడకబెట్టడం, తెల్లవారుజామున చెరువులో కడగడం, కాడి కట్టి తేలికపాటి బండతో మొదలుపెట్టి బరువు పెంచుకుంటూ పోవడం అన్నీ ఆయన చేతిమీదుగానే. పందెం నాడు మైకులో మాత్రం ఫలానా వారి గిత్తలని ఆసామి పేరు, ఊరి పేరు చదివేవారు. ఒక ఏడు వాటికి మొదటి బహుమతి వచ్చింది. ఆనాటి ఛాయాచిత్రం ఆ ఇంటి వసారాలో చాలాకాలం ఉండేది. మధ్యలో ఆసామి, ఆయన పక్కన షీల్డు, రెండు వైపులా గిత్తలు. కుడి అంచున పగ్గం పట్టుకొన్న ఒక చేయి, మణికట్టు వరకు. మనిషి చట్రానికి అవతల ఉండిపోయాడు. చూపుడువేలి కొస వంగి ఉండటాన్ని బట్టి అది తన తండ్రి చేయి అని మా అమ్మ గుర్తుపట్టేది. గిత్తల పేర్లు ఇప్పటికీ మా బంధువులలో పెద్దవారికి గుర్తే. ఆ ఏడు బహుమతి ఎవరికి వచ్చిందని అడిగితే ఆసామి పేరే చెబుతారు, వాళ్ళు కూడా.

ఈ పోలికను నేను అతిగా లాగదలచుకోలేదు. అమెరికాలోని జాతి వివక్ష చరిత్ర వేరు, కృష్ణా డెల్టాలోని పాలేరు జీవితం వేరు. కానీ ఓజే పాత్రలో డేనియల్ కలూయా నటన నాకు అంత దగ్గరగా ఎందుకు తోచిందో చెప్పడానికి ఈ వివరం అవసరమైంది. ఓజే ఎక్కువ మాట్లాడడు. మనుషుల ముందు కళ్ళు దించుకొని నిలబడతాడు. ప్రకటన చిత్రీకరణలో గుర్రం వెనుక నిలబడవద్దని, దాని కళ్ళలోకి చూడవద్దని గొణుగుతాడు. ఎవరూ వినరు. ఒకరు అద్దంలా మెరిసే గోళాన్ని గుర్రం ముఖం ముందుకు తెస్తారు. అది తన ప్రతిబింబం చూసి బెదిరి తన్నుతుంది. పని పోతుంది. మా తాత కూడా అదే అనేవాడు. "ముందు నుంచి రాకు నాయనా, దాని కంట్లో కన్ను పెట్టకు, భుజం వైపు నుంచి రా" అని. కళ్ళు దించుకోవడం వినయమనో భయమనో పొలం బయటివారు అనుకుంటారు. పశువుతో బతికేవారికి అది విద్య.

ఈ విద్యే చివరకు కథలోని రహస్యాన్ని విప్పుతుంది. ఆకాశంలో తిరుగుతున్నది పళ్ళెం ఆకారపు విమానమని, అందులో గ్రహాంతరవాసులు ఉంటారని అందరూ అనుకుంటారు. దానికి ఒక దారి, ఒక హద్దు, ఒక ఆకలి ఉన్నాయని ఓజే ఒక్కడే గమనిస్తాడు. అది వాహనం కాదు, జంతువు. కంటికి కన్ను కలిపితే మింగుతుంది, తల దించుకుంటే వదిలి పోతుంది. దానికతడు జీన్ జాకెట్ అని పేరు పెడతాడు. చిన్నప్పుడు ఎమరాల్డ్‌కు మచ్చిక చేసుకోవడానికి ఇస్తామని తండ్రి మాట ఇచ్చి ఇవ్వని గుర్రం పేరది. చెల్లెలికి దక్కని గుర్రం పేరును తమ తండ్రిని చంపిన ప్రాణికి పెట్టడంలోని విషాదాన్ని చిత్రం ఒక్క మాట వివరించకుండా వదిలేస్తుంది. నాకు ఈ సంయమనం నచ్చింది.

భరతుని రస సిద్ధాంతంతో ఈ ఘట్టాన్ని పరిశీలించడం తరగతి గదిలో ఎంతో ఉపయోగపడింది. అద్భుత రసానికి విభావాలు చెబుతూ నాట్యశాస్త్రం దివ్యజనుల దర్శనం, కోరిక ఫలించడం, ఉద్యాన దేవాలయ గమనం, సభ, విమానం, మాయ, ఇంద్రజాలం అంటుంది. భయానకానికి మొదట చెప్పినది వికృతమైన ధ్వని. తరువాత భూతదర్శనం, నక్కలు, గుడ్లగూబలు, శూన్యగృహం, అరణ్యం. 'నోప్' మొదటి సగంలో ఈ రెండు పట్టికలూ ఒకే ఆకాశంలో ఒకేసారి ఉంటాయి. కంటికి విమానం కనిపిస్తుంది, చెవికి వికృత ధ్వని వినిపిస్తుంది. లోయ మీద రాత్రిపూట గాలిలో తేలివచ్చే ఆ శబ్దం ఏమిటో ప్రేక్షకునికి చాలాసేపు తెలియదు. మింగబడిన మనుషులు ఆ కడుపులో ఇంకా అరుస్తున్నారని తెలిసిన క్షణంలో అద్భుతం కాస్తా భయానకమై, ఇరుకైన పేగులాంటి గొట్టంలో వారు నలిగిపోవడం చూసిన క్షణంలో బీభత్సమవుతుంది. బీభత్సం నుంచి భయానకం, వీరం నుంచి అద్భుతం పుడతాయని భరతుడు చెప్పిన క్రమం మనకు తెలుసు. పీల్ మొదటి జంటను తలకిందులు చేసి భయానకం నుంచి బీభత్సానికి దిగాడు. రెండవదానిని చివరి పోరాటంలో యథాతథంగా ఉంచాడు. గుర్రమెక్కిన ఓజే దుమ్ము రేపుకుంటూ లోయలో దౌడు తీస్తుంటే మైకేల్ ఏబెల్స్ సంగీతం పాత వెస్టర్న్‌ల ఫణితిలోకి మారుతుంది. తల ఎత్తితే ఆ జంతువు తెల్లని తెరచాపల్లా, సముద్రంలోని జెల్లీచేపలా విప్పుకుంటుంది. భయపడుతూనే ముగ్ధులమవుతాం.

చూడకూడదని చెప్పే కథను చూసి తీరాలనిపించేటట్లు తీయడంలో ఒక మెలిక ఉన్నది. ఛాయాగ్రాహకుడు హొయ్టె వాన్ హొయ్టెమా దీనిని 65 మిల్లీమీటర్ల ఫిల్ము మీద, ఐమాక్స్ కెమెరాలతో తీశాడు. రాత్రి దృశ్యాలను పగటి వెలుగులోనే, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాను ఫిల్ము కెమెరాకు జత చేసి చిత్రించాడు. పగలు తీసి రాత్రిగా చూపడం పాత వెస్టర్న్‌లలోను, మన పాత తెలుగు చిత్రాలలోను ఉన్నదే. ఆ రాత్రులలో నీడలు చూసి అది ఎండ అని మనం పసిగట్టేవాళ్ళం. ఇక్కడ అలా పసిగట్టలేం. లోయ చివరి దాకా కనిపించే చీకటి అది. కంటికి అందే ప్రతి మబ్బునూ అనుమానించేలా చేస్తుంది.

ఇక జూప్ కథ. స్టీవెన్ యన్ పోషించిన ఈ పాత్ర హేవుడ్ల పొరుగున వెస్టర్న్ తరహా వినోద ఉద్యానాన్ని నడుపుతుంటాడు. ఒకప్పటి బాలనటుడు. 1998లో ఒక టెలివిజన్ హాస్య ధారావాహిక చిత్రీకరణలో గార్డీ అనే చింపాంజీ బుడగలు పేలిన చప్పుడుకు రెచ్చిపోయి తోటి నటులను ఛిద్రం చేస్తుంది. బల్ల కింద దాక్కున్న జూప్‌కు బల్లగుడ్డ అడ్డుంటుంది. నిట్టనిలువుగా నిలిచిన ఒక బూటు మీదనే అతని దృష్టి నిలిచిపోతుంది. చింపాంజీ కళ్ళతో అతని కళ్ళు నేరుగా కలవవు. బతికిపోతాడు. అతడు మాత్రం తాను ఎన్నిక చేయబడినవాడినని, మృగాలతో తనకేదో ప్రత్యేక సంబంధం ఉన్నదని నమ్ముతాడు. ఆ నమ్మకంతోనే ఆకాశంలోని ప్రాణికి గుర్రాలను ఎరవేసి, టిక్కెట్లు అమ్మి ప్రదర్శన పెడతాడు. తనతో సహా ప్రేక్షకులందరినీ అది మింగేస్తుంది. హేవుడ్ల ఇంటి మీద కురిసిన నెత్తురు వారిదే.

ఈ పాత్రలో నన్ను ఎక్కువగా కలచినది ఒక నిమిషం పాటు సాగే సన్నివేశం. చింపాంజీ ఘటన ఎలా జరిగిందని హేవుడ్లు అడిగితే జూప్ తన జ్ఞాపకం చెప్పడు. ఆ ఘటన మీద ఒక హాస్య కార్యక్రమంలో వచ్చిన పేరడీని చెబుతాడు. అందులో నటించిన హాస్యనటుణ్ణి మెచ్చుకుంటాడు. నవ్వుతూనే చెబుతాడు. తన గాయాన్ని గురించి మాట్లాడటానికి అతనికి మిగిలిన భాష ఇతరులు దాని మీద చేసిన వేళాకోళమే. ఆత్మకథల మీద, బాధిత సాహిత్యం మీద పరిశోధిస్తున్న విద్యార్థులకు ఈ ఒక్క సన్నివేశమైనా చూడమని చెబుతుంటాను.

ఉత్పాతం అనే మాట దగ్గరకు తిరిగి వద్దాం. ఉత్పాతానికి లక్షణమేమిటంటే అది సూచన. దానికి ఫలం ఉంటుంది. రాజుకు కీడు, దేశానికి క్షామం, శాంతి చేస్తే పరిహారం. నెత్తురు వాన తనంతట తానుగా ముఖ్యం కాదు, అది దేనిని చెబుతున్నదన్నదే ముఖ్యం. జూప్ తన జీవితంలో వింత జరిగిన ప్రతిసారీ దానిని ఇలాగే చదువుకున్నాడు. నిలువుగా నిలిచిన బూటు సూచన, పళ్ళెం సూచన, తాను ఎన్నికైనవాడు. ఓజేకు అందులో చదవడానికేమీ కనిపించదు. అది ఏం తింటుంది, ఎప్పుడు వస్తుంది, దేనికి బెదురుతుంది అని అడుగుతాడు. తండ్రి మరణానికి కూడా అర్థం లేదు. ఆ ప్రాణికి అరగని లోహాలను అది కక్కింది, అందులో ఒక నాణెం ఆయనకు తగిలింది. అంతే. ఈ 'అంతే'ను భరించడం కష్టం. ఉత్పాతమైతే శాంతి చేయించుకోవచ్చు. జంతువైతే దాని స్వభావం నేర్చుకోవాలి.

కనుక మన మాట చిత్రంలోని సంఘటనలకు సరిపోతుంది, చిత్రపు దృష్టికి సరిపోదు. ఈ చిత్రాన్ని దృశ్య వ్యామోహానికి అన్యాపదేశంగా, మాధ్యమాల దోపిడికి ప్రతీకగా చదివిన వ్యాసాలు చాలా వచ్చాయి. వాటిని కాదనను. పీల్ ఆ ఆధారాలన్నీ సమకూర్చి పెట్టాడు. అద్దపు శిరస్త్రాణం ధరించి వచ్చి, కింద పడి కదలలేని స్థితిలో కూడా కెమెరా కోసం వెంపర్లాడే విలేకరి వేరెందుకున్నాడు? కానీ జీన్ జాకెట్‌ను పూర్తిగా ప్రతీకగా మార్చేస్తే మనం జూప్ పక్కన చేరినట్లే అవుతుంది. జంతువును జంతువుగా నిలపడానికి చిత్ర బృందం శ్రమ పడింది. జెల్లీచేపల కదలిక మీద పరిశోధించిన కాల్‌టెక్ ఆచార్యుడు జాన్ దబిరి సలహా తీసుకున్నారు. దానికి లాటిన్‌లో ఒక శాస్త్రీయ నామం కూడా కల్పించారు.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. ఈ చిత్రాన్ని ఇంట్లో చూస్తున్నప్పుడు పక్కన కూర్చొని సగం చూసింది. జెండాల తోరణం కట్టిన ప్లాస్టిక్ గుర్రం బొమ్మను నిజమనుకొని ఆ ప్రాణి మింగి, అరగక, చివరకు కక్కే ఘట్టం ఉన్నది. ఆమె నవ్వలేదు. "బజార్లో ప్లాస్టిక్ సంచులు తిన్న ఆవు బతుకేరా దీనిదీ" అన్నది. పశువైద్యులు ఆవుల కడుపుల నుంచి కిలోల కొద్దీ సంచులు తీసిన వార్తలు మనకు కొత్త కాదు. ఆ మాట విన్న తరువాత చిత్రంలోని నాణేలు, తాళంచెవులు, తోరణాలు అన్నీ నాకు కొత్త క్రమంలో కనబడ్డాయి. మనుషులు పారేసినవి, మనుషులు జేబుల్లో పెట్టుకొన్నవి ఆ కడుపులోకి చేరుతున్నాయి. ఓజే దానికి అరగని వస్తువునే ఆయుధంగా మార్చుకుంటాడు. తోరణాన్ని చూస్తే అది వెనక్కి తగ్గుతుంది.

చూపు విషయంలో మన సంప్రదాయానికీ ఈ చిత్రానికీ ఒక తేడా ఉన్నది. దిష్టి అనే భావనలో చూడబడినవారికి హాని. గిత్తల మెడకు నల్లతాడు, గవ్వలు కట్టేది అందుకే. 'నోప్'లో చూసినవారికి హాని. అయితే గార్డీ కథ ఈ రెండింటినీ కలుపుతుంది. ఏళ్ళ తరబడి స్టూడియో దీపాల కింద అందరి చూపులూ తగిలిన జంతువు ఒకనాడు తిరగబడుతుంది. దిష్టి తగిలినది మొదట దానికే. ధృతరాష్ట్రుడు కూడా ఇక్కడ గుర్తొస్తాడు. ఉత్పాతాలు ఏకరువు పెట్టిన వ్యాసుడు యుద్ధం చూడటానికి కళ్ళిస్తానంటే, బంధువుల చావు చూడలేనని ఆయన వద్దంటాడు. వినడానికి మాత్రం ఒప్పుకుంటాడు. దివ్యదృష్టి సంజయునికి దక్కుతుంది. చూడనన్నవాడు పద్దెనిమిది రోజుల యుద్ధాన్నీ కథగా విన్నాడు. ఓజే కళ్ళు దించుకోవడాన్ని ఈ తిరస్కారంతో సమానం చేయడానికి నేను కొంతకాలం ప్రయత్నించాను గానీ అది నిలవదు. రాజు తన బాధ్యత నుంచి చూపు తిప్పుకున్నాడు. ఓజే చూపు దించినది దగ్గరకు వెళ్ళడానికి.

చిత్రం నిర్దుష్టమని నేను అనను. రెండు గంటలు దాటిన నిడివిలో నడిమి భాగం కొంత సాగింది. మైకేల్ విన్‌కాట్ పోషించిన ఛాయాగ్రాహకుడు హోల్స్ట్ విద్యుత్తు అక్కరలేని, చేతితో తిప్పే కెమెరా తెచ్చి, అసాధ్యమైన దృశ్యం కోసం తానే ఆ నోటికి ఆహారమవుతాడు. కళ కోసం ప్రాణమిచ్చే కళాకారుడు అనే అరిగిపోయిన అచ్చు అది. జూప్‌కు ఇచ్చిన గతంలో పదవ వంతు ఇతనికి ఇచ్చినా ఆ మరణానికి బరువు వచ్చేది. ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉద్యోగి ఏంజెల్ పాత్రలో బ్రాండన్ పెరేయా తెచ్చిన చురుకుదనం ఆ భాగాన్ని కొంతవరకు ఆదుకుంది.

చివరకు చిత్రం తీసేది హోల్స్ట్ కాదు. ఎమరాల్డ్ జూప్ ఉద్యానంలోని పెద్ద కౌబాయ్ బొమ్మ బెలూనును గాలిలోకి వదులుతుంది. ఆ ప్రాణి దానిని మింగబోతుంది. ఆ సమయంలో ఆమె పరుగున వెళ్ళి సందర్శకుల కోసం ఏర్పాటు చేసిన బావి కెమెరా వద్ద నిలబడుతుంది. పైకి చూస్తూ నాణెం వేస్తే బావి అడుగు నుంచి ఛాయాచిత్రం తీసే యంత్రమది. నేల మీద దొరికిన నాణేలు ఏరి వేసి, పిడి తిప్పుతుంది. తండ్రి నాణెం దెబ్బకు పోయాడు. ఆమె నాణెం వేసి బొమ్మ తీసింది. తండ్రి పక్కన పెట్టిన కూతురు, మచ్చిక చేయడానికి ఇవ్వని గుర్రం పేరున్న మృగాన్ని చట్రంలో బంధించింది. బెలూను పేలి ఆ ప్రాణి ఛిన్నాభిన్నమవుతుంది.

దుమ్ము కాస్త తగ్గాక ఉద్యానం ద్వారం కింద గుర్రం మీద ఓజే కనిపిస్తాడు. అతడు నిజంగా బతికి ఉన్నాడా, ఆమె ఊహా అని ప్రేక్షకులు చాలా వాదులాడారు. ఆ వాదంలో గుర్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అది లక్కీ. అప్పులు తీర్చడానికి ఓజే జూప్‌కు అమ్మిన గుర్రం. ప్రదర్శన నాడు దానిని ఎరగా ఒక పారదర్శకమైన పెట్టెలో నిలిపారు. తలుపు తెరిచారు. వందల కళ్ళు చూస్తుండగా అది బయటికి రానన్నది. ఆ నాడు అక్కడ మిగిలినది అదొక్కటే.